ధర్మవరం సిస్టర్ అసలు పేరు

హిందూపురంలో నేను పనిచేసిన నర్సింగ్ హోంలో నర్సులకు పేర్లు ఉండేవి కావు. ఒకే పేరుతో ఇద్దరు చేరిన రోజున డాక్టరుగారి భార్య విసుగెత్తి అందరికీ ఊళ్ల పేర్లు పెట్టేసిందట. మేమంతా మేడమ్ అనే ఆవిడదే పెత్తనమంతా కాబట్టి అదే చట్టమైపోయింది. నేను పెనుకొండ సిస్టర్‌ని, ఇంకొకామె కదిరి సిస్టర్. డ్యూటీ బోర్డు మీదా, హాజరు పుస్తకంలోనూ అలాగే రాసేవాళ్లం. ఓపీకి వచ్చే ముసలివాళ్లు కూడా "ఏమ్మా పెనుకొండా, సూది మెల్లగా వెయ్యి" అనేవాళ్లు. ఊరికి ఊరే వచ్చి పొడుస్తున్నట్టు ఉండేది వినడానికి.

ధర్మవరం సిస్టర్ నాకంటే మూడేళ్లు పెద్ద, పనిలో నాకు గురువు. వాళ్ల నాయన ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. చిన్నప్పటి నుంచి తెగిన పోగులు అతికిన వేళ్లు కదా, ఎంత ఎండిపోయిన చేతిలోనైనా ఆమెకు ఒక్క పోటుకే నరం దొరికేది. నేను మూడుసార్లు పొడిచి చెమటలు కక్కుతుంటే "జరుగు పాపా" అని పక్కకు నెట్టి పని కానిచ్చేది. తర్వాత దాని గురించి ఒక్క మాట ఎత్తేది కాదు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఫోన్‌లో కూడా "ధర్మవరం అక్క" అనే రాసుకున్నాను. అక్కకు మళ్లీ వేరే పేరు ఎందుకుంటుందిలే అన్నంత తెలివి నాది.

ఆమెకు ఇంగ్లండ్ పోవాలని పట్టుదల. అందరూ డబ్బుకోసమే అనుకునేవాళ్లు. నాతో మాత్రం వేరే చెప్పింది. "ఈడ మనం సగం నర్సులం, సగం ఆయాలం. బెడ్‌షీట్లు మార్చాల, బిల్లులు రాయాల, మేడమ్ వాళ్ల పిల్లోల్ని బడికాడ్నించి తోలుకొని రావాల. ఒకసారన్నా పూర్తి నర్సుగా బతకాల పాపా" అనింది. మధ్యాహ్నం ఓపీ తగ్గాక డ్రెస్సింగ్ రూంలో నన్ను కూర్చోబెట్టి ఇంగ్లీషు పరీక్షకు తయారయ్యేది. రోగితో మాట్లాడి చూపించే పరీక్ష అది, అందుకని నేను గుండెనొప్పి వచ్చిన ఇంగ్లీషు ముసలమ్మను. నాకు నవ్వాగేది కాదు. ఆమె మాత్రం నవ్వకుండా నా చెయ్యి పట్టుకుని నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని ఇంగ్లీషులో అడిగేది. మొదటిసారి తప్పింది, రెండోసారి పాసైంది.

ఆ తర్వాత అక్కడి ఆస్పత్రి ఒకటి ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇస్తామంది. ఆ సంగతి ఆమె నాకు కూడా చెప్పలేదు. పని కాకముందే నలుగురి నోట్లో పడితే దిష్టి తగులుతుందని మావాళ్లందరికీ ఉన్న భయమే. డాక్టరుగారి దగ్గర అనుభవం ఉత్తరం మీద సంతకం పెట్టించుకుని గుట్టుగా పంపింది. వాళ్లు దాన్ని ఆస్పత్రితో సరిచూసుకోవాలి కదా, ఈమెయిల్ పంపారు. మా ఆస్పత్రి ఈమెయిల్ చూసే నాథుడెవరు? జవాబు రాకపోయేసరికి ఫోన్ చేశారు.

ఆ ఫోన్ ఎత్తింది నేను. సాయంత్రం ఓపీ కిటకిటలాడుతోంది. కౌంటర్ అమ్మాయి టీకి పోయింది. అక్క లేబర్ రూంలో ఉంది, అంటే నాకు ఇరవై అడుగుల దూరం. ఫోన్‌లో ఒక తెల్లామె గొంతు, ఇంటిపేరు ముందు పెట్టి, అసలు పేరును ముక్కలు చేసి, ఆమె మీ దగ్గర నర్సుగా చేస్తోందా అని అడిగింది. రెండోసారి చెప్పించుకున్నాను. బళ్లో అయ్యవారు రాసుకున్న పేరు అది, ఇంట్లో కూడా ఎవరూ పిలవని పేరు. ఎదురుగా ఒకాయన రిపోర్టు కోసం అరుస్తున్నాడు. అలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరు మేడమ్ అని, నాకొచ్చిన ఇంగ్లీషులో మర్యాదగానే చెప్పి పెట్టేశాను. రాత్రికి ఆ ఫోన్ సంగతే మరిచిపోయాను.

వారం తర్వాత అక్క డ్రెస్సింగ్ రూంలోకి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. ముఖం పాలిపోయి ఉంది. మీరు చెప్పిన ఆస్పత్రిలో మీ పేరుగల మనిషి లేదన్నారు, కాబట్టి ఉద్యోగం ఆపుతున్నాం అని ఉత్తరం. పొరపాటు జరిగి ఉంటే, ఫోన్‌లో మాట్లాడిన మనిషే ఆ సంగతి రాసి ఆస్పత్రి ముద్రతో వారంలోగా పంపాలని కింద ఉంది. ఆ ఉత్తరం పైన ఆమె పూర్తి పేరు మొదటిసారి చదివాను. చదవగానే ఆ తెల్లామె గొంతు చెవిలో మోగింది.

అప్పటికే మేడమ్ కౌంటర్ దగ్గర కేకలు వేస్తోంది. "మన దగ్గర చేసే మనిషిని లేదంటారా? ఎవురని తెలిస్తే ఆ పొద్దే ఇంటికి పంపిస్తా." నాకు ఇంకో రెండు నెలలైతే రెండేళ్లు నిండుతాయి. డాక్టరుగారు అనుభవం సర్టిఫికెట్ ఇస్తానన్నారు. నేను కూడా బయటి దేశానికి కాగితాలు కడుతున్నాను.

"ఆ పొద్దు కౌంటర్ కాడ నువ్వేమన్నా ఫోను ఎత్తినావా పాపా?" అని అక్క అడిగింది.

"లేదక్కా" అన్నాను. కట్లు కట్టే గాజుగుడ్డలు మడుస్తూ, తల ఎత్తకుండా అన్నాను. భయం వేసిందని చెప్పుకోవచ్చు. భయం కంటే ముందు సర్టిఫికెట్ గుర్తొచ్చింది, అదీ నిజం. ఆ నిజానికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

డాక్టరుగారు తనకు తోచినట్టు ఒక ఉత్తరం రాశారు. ఫోన్ ఎత్తిన మనిషి ఎవరో అందులో లేదు. వారం గడిచింది. ఆ స్థానం నిండిపోయిందని జవాబు వచ్చింది. తర్వాత ఆ దేశంవాళ్లు బయటి నర్సులను తీసుకోవడమే తగ్గించారు. ఆమె పాసైన పరీక్ష ఫలితానికి గడువు కూడా తీరిపోయింది. మళ్లీ రాయక్కా అంటే "చాల్లే" అనేది.

ఆమె చేసిన పని ఒకటే. నర్సులందరి సర్టిఫికెట్లూ తెప్పించి, ఊరి పేరు పక్కన అసలు పేరు పెద్ద అక్షరాలతో రాసి, ఫోన్ పక్కన గోడకు అతికించింది.

ఏడాదికి నాకు ఐర్లండ్‌లో ఉద్యోగం దొరికింది. నా గురించి ఫోన్ వచ్చిన పూట కౌంటర్ దగ్గర ఉన్నది అక్కే. నేను వార్డులోంచి విన్నాను. అవును, మా దగ్గర రెండేళ్లకు పైగా చేస్తోంది, మంచి నర్సు, రోగులతో ఓపికగా ఉంటుంది అని ఒక్కొక్క మాటా విడదీసి ఇంగ్లీషులో చెప్పింది. నా పేరు ఒక్క అక్షరం తప్పు పోలేదు. అన్నం తినేటప్పుడు "నీ పని అయిపాయ పాపా" అనింది, అంతే.

వీసా వచ్చాక, అక్కకు ఆస్పత్రిలో నిజం చెప్పే ధైర్యం లేక, ఆమె లీవులో ఉన్న రోజు పెనుకొండలో బస్సెక్కి ధర్మవరం పోయాను. వీధిలో ఆమె అసలు పేరు అడిగితే నలుగురూ తల అడ్డంగా ఊపారు. "హిందూపురంలో చేసే నర్సమ్మా? ఆడ, మూడో ఇల్లు" అని చివరికి ఒకామె చూపించింది. అక్క మగ్గం దగ్గర కూర్చుని కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు అతుకుతోంది. వాళ్ల నాయన బయటికి పోయాడు. నీళ్లిచ్చి మళ్లీ పనిలో కూర్చుంది.

"ఆ పొద్దు ఫోను ఎత్తింది నేనేనక్కా" అన్నాను.

"తెల్సు. ఆ నెల డ్యూటీ బోర్డు రాసింది నేనే గదా, ఆ సాయంత్రం ఓపీలో ఉండేది నువ్వొక్కదానివే" అనింది. వేళ్లు ఆగలేదు.

"మరి నా గురించి అడిగితే అంత మంచిగా ఎందుకు చెప్పినావు?"

"నువ్వు ఆడ పని చేసిండేది నిజమే గదా. లేదని ఎట్ల చెప్తా?"

నేను ఏడుస్తున్నాను. ఆమె ఊరుకోమనలేదు. నాలుగైదు పోగులు అతికాక, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"వారం గడువు ఉన్నింది గదా పాపా. ఇంగొకసారి అడుగుదామని దినామూ అనుకొంటి. మళ్లీ లేదంటావేమోనని అడగల్యా."