ఎనిమిది రౌండ్లూ ఒక మగ్గం తాడూ

ఆ రోజుల్లో నాకు నా గురించి రెండు అభిప్రాయాలు గట్టిగా ఉండేవి. ఒకటి, బడి నన్ను సరిగ్గా అర్థం చేసుకోలేదు. రెండు, బండి నన్ను పూర్తిగా అర్థం చేసుకుంది. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు ఒకనాడు నన్ను నిలబెట్టి, "నువ్వు బడికి వచ్చేది దేనికి రా?" అని అడిగితే, రాత్రంతా ఆలోచించి, సమాధానం దొరక్క, మర్నాటి నుంచి మానేసినవాణ్ణి నేను. (ఆయన ఊరికే అడిగారట. ఈ సంగతి తర్వాత తెలిసింది.) చదువు మానిన తమ్ముణ్ణి బాగుచేద్దామని ఎమ్మిగనూరులో ఉండే మా అక్క నన్ను తీసుకుపోయి వాళ్ళింటి మగ్గం మీద కూర్చోబెట్టింది. మూడు నెలలు కూర్చున్నాను. నేను నేసిన మూరెడు గుడ్డను మా బావ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "బామ్మర్దీ, దీంట్లోనుంచి మన వీధి మొత్తం కనపడతాండాది" అన్నాడు. ఆ మాటతో నేత వృత్తి నన్ను వదిలేసింది. నేను ఆదోని వచ్చి మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డులో చేరాను.

ఆ షెడ్డు యజమానిని ఊరంతా ఉస్తాద్ అనే పిలిచేది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవి మీద ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏ సామాను ఏడుస్తోందో చెప్పేవాడాయన. డాక్టర్లు కూడా తమ బండ్లను ఆయనకే చూపించుకునేవాళ్ళు. ఆయన దగ్గర ఏడేళ్ళలో నేను పంక్చర్లు వేశాను, చైన్లు బిగించాను, బ్రేకులు కట్టాను, టీలు మోశాను. ఇంజను మాత్రం విప్పలేదు. ఇంజను విప్పేటప్పుడు ఆయన చేతులు కడుక్కుని, కింద తెల్లగుడ్డ పరిచి, ఒక్కో సామానూ దాని మీద వరసగా పేర్చేవాడు. ఆ గుడ్డ అంచు దాటి నా చేయి పోతే స్పానరుతో వేళ్ళ మీద ఒకటి పడేది. "నేనెప్పుడు విప్పేది ఉస్తాద్?" అని అడిగీ అడిగీ ఆయన్ని విసిగించాక ఒకనాడు అన్నాడు. "అరే బేటా, జనం బండి మీద నిన్ను ఇంజను నేర్చుకోనియ్య. యాడన్నా సచ్చిన బండి తెచ్చుకో. నీ చేత్తో కట్టు. ఆ ఎమ్మిగనూరు రోడ్డు రేసులో గెలిపించు. అప్పుడు నీకు నా గుడ్డ మీద జాగా ఇస్తా. ఓడితే మళ్ళా ఇంజను మాట ఎత్తకూడదు, పంక్చర్ల కాడనే ముసలోనివి కావాల. సమ్‌ఝా?"

ఎమ్మిగనూరు రోడ్డు రేసు అంటే, ఆ రోడ్డు పక్కన పత్తి తీసేశాక ఎండిపోయిన ఒక చేను. ఆదోని, ఎమ్మిగనూరు కుర్రాళ్ళు కమిటీగా చేరి, ఇసుక నింపిన సంచులూ పాత టైర్లూ పేర్చి, దాన్ని ట్రాక్ అనేవాళ్ళు. శనివారం చిన్న పందేలు, ఆదివారం ఫైనలు. కోసిగి, ఆస్పరి, మద్దికెర నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. నాకు కావలసిన సచ్చిన బండి మా అక్కవాళ్ళ ఇంట్లోనే దొరికింది. బావ వాళ్ళ నాన్న చాన్నాళ్ళు నడిపి మూల పడేసిన పాత బండి అది. సీటు మీద కోడి గుడ్లు పెట్టేది. రెండు నెలలు, ప్రతి ఆదివారం ఎమ్మిగనూరు పోయి, అక్క పాత చీర ఒకటి కింద పరిచి (తెల్లది దొరకలేదు, పసుపుపచ్చది ఇచ్చింది), దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టాను. తొలిసారి స్టార్టు చేసినప్పుడు వీధిలో మేకలు తాళ్ళు తెంచుకున్నాయి. "పలికె లే! పలికె!" అని బావ మగ్గం దిగి పరిగెత్తుకొచ్చాడు. నేను ఆ రోజు అన్నం తినలేదు. కడుపు నిండిపోయింది.

రేసుకు తోలు కోటు ఉండాలన్నారు కమిటీవాళ్ళు. తోలు కోటు నాకు యాడిది? ఆదోనిలో పుట్టినవాడికి పత్తికి కరువా అని, మా అక్క రెండు మందపాటి దుప్పట్ల మధ్య పత్తి కూరి, గళ్ళు గళ్ళుగా కుట్టి, నాకొక కోటూ ప్యాంటూ తయారుచేసింది. అది వేసుకుని అద్దంలో చూసుకుంటే నేను మనిషిలా కాదు, చుట్టి నిలబెట్టిన పడకలా కనిపించాను. శనివారం పొద్దున ట్రాక్ దగ్గర దిగగానే మైకు పట్టుకున్నాయన నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "మిత్రులారా, మన ఆదోని నుంచి పరుపు వచ్చినాది!" అని ప్రకటించాడు. అంతే, నా పేరు పోయింది. ఎండలో ఆ పరుపు నా చెమట తాగి తాగి మధ్యాహ్నానికి నాకంటే బరువెక్కింది. కానీ శనివారం నా బండి ఎక్కడా దగ్గలేదు, ఆగలేదు. నా పందెంలో మూడోవాడిగా వచ్చి ఫైనలుకు ఎక్కాను. ఉస్తాద్ కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల ఒక్కసారి ఊపాడు. ఏడేళ్ళలో అది రెండోసారి.

ఆ ఫైనలులో అందరూ భయపడేది బళ్ళారి నుంచి వచ్చిన ఒకాయనకు. మోకాళ్ళ దాకా నిజమైన రేసు బూట్లు, మెడ నుంచి మడమ దాకా నిగనిగలాడే సూటు. మేం ఆయన్ని బూట్ల సారు అనేవాళ్ళం. మంచివాడే. నా కోటు వేలితో నొక్కి చూసి, "పడితే మాత్రం నీకే సుఖం అప్పా" అన్నాడు.

ఆదివారం ఫైనలుకు పది నిమిషాలుందనగా, బండి స్టార్టు చేసి ఎక్సలేటరు తిప్పాను. టప్పుమంది. హ్యాండిలు పిడి గిరగిరా తిరిగింది, ఇంజను మాత్రం నిద్రపోతున్న పిల్లాడిలా గుర్రు గుర్రుమంటూనే ఉంది. ఎక్సలేటరు కేబులు తెగింది. ఇంజనులో ప్రతి సామానూ మూడుసార్లు తుడిచిన నేను, బయట కళ్ళెదురుగా ఉన్న తుప్పు కేబులును మాత్రం "ఇంకా బాగానే ఉందిలే" అని వదిలేశాను. మెకానిక్కు అన్నవాడు చేయకూడని తప్పు అది. ఉస్తాద్ పక్కనున్న డబ్బాలో కొత్త కేబులు ఉంది. ఉంటుందని నాకు తెలుసు, ఆయన డబ్బాలో లేనిదంటూ లేదు. కానీ అడిగితే కేబులు వస్తుంది, ఇంజను పోతుంది. కేబులు చూసుకోనివాడికి ఆ తెల్లగుడ్డ దగ్గర చోటిస్తాడా? పరుపులో ఉన్నాను కనుక నిలబడ్డాను.

"ఏం రా, మొహం అట్ల పెట్టినావు?" అంది అక్క. అన్నం క్యారియరు పట్టుకుని బావతో కలిసి అప్పుడే వచ్చింది. చెప్పాను. "గట్టిగ అరవద్దుక్కా, ఉస్తాద్‌కి తెలిస్తే నా బతుకు పంక్చర్ల పాలే."

అక్క బండి దగ్గర కూర్చుని, కేబులు గొట్టం లోనుంచి రెండంగుళాలు బయటికి వచ్చిన తీగను వేలితో లాగింది. ఇంజను గర్జించింది. వదిలింది. తగ్గింది. మళ్ళీ లాగింది. "ఓస్, ఇంతేనా? లాగితే పోతాది, ఇడిస్తే ఆగుతాది. మా మగ్గం మాదిరే కదరా!" అంది. మగ్గం చూడనివాళ్ళకు చెప్పాలి. నేసేటప్పుడు పైనుంచి ఒక తాడు వేలాడుతుంది, దాని కొసకు చెక్క పిడి. ఆ పిడిని పట్టుకుని చటుక్కున లాగి వదిలితే, నూలు చుట్టిన నాడె దారాల మధ్య నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది. మా అక్క రోజుకు కొన్ని వేలసార్లు ఆ తాడు లాగే మనిషి. ఆ రోజు అన్నం క్యారియరును బావ బండికి కట్టి తెచ్చింది కూడా అలాంటి పాత తాడుతోనే, పిడితో సహా.

"క్యారియరు ఇప్పు" అంది బావతో.

"సాంబారు ఒలికిపోతాది కదే!"

"ఒలికితే ఒలకనీ. వానికి ఇంజను కావాల, నీకు సాంబారు కావాల. ఇప్పు!"

తీగ కొసను మడిచి, తాడును దానికి తగిలించి, అక్క ఒక ముడి వేసింది. తెగిన దారాన్ని అతికే చేయి అది, రెండు క్షణాలు పట్టింది. పిడి నా కుడి చేతి వేళ్ళ మధ్య పెట్టి చెప్పింది. "హ్యాండిలు బొటనవేలితో పట్టుకో, పిడి తక్కిన వేళ్ళతో లాగు. దారాలు తెంపినట్ల లాగితే సంపుతా." బావ, తువ్వాలు విప్పి హ్యాండిలు మీద అడ్డంగా కప్పాడు, ఉస్తాద్‌కు కనపడకుండా. "ఏందది?" అని కమిటీ కుర్రాడు అడిగితే, "దిష్టికి కట్టినాం అప్పా, ముట్టుకోవద్దు" అన్నాడు. దిష్టి మాట వినగానే వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

జెండా ఊపారు. పన్నెండు బండ్లు దూకాయి. నాది కూడా దూకింది, కప్పలా. మగ్గం అలవాటుతో లాగి వదిలాను. బండి ఎగిరి ఆగింది, మళ్ళీ లాగాను, మళ్ళీ ఎగిరి ఆగింది. జనం పొట్టలు పట్టుకున్నారు. "పరుపు గంతులేస్తాండాది సామీ!" అని మైకు. పదకొండు బండ్ల దుమ్ము నా నోట్లో ఉంది. అప్పుడు కంచె పక్కనుంచి అక్క గొంతు, మైకుకంటే గట్టిగా: "ఇడవద్దురా దరిద్రుడా! లాగి పట్టు! మలుపు కాడ ఇడువు!"

లాగి పట్టాను. బండి బాణంలా పోయింది. మలుపు వచ్చింది, వదిలాను. మలుపు తిరిగింది, లాగాను. ఒకటో రౌండు ముగిసేసరికి నాకొక సంగతి అర్థమైంది. మిగతావాళ్ళంతా మలుపులో కూడా ఎక్సలేటరు మీద మోజు చంపుకోలేక కొంచెం తిప్పే ఉంచుతున్నారు. పొడి మట్టిలో చక్రం జారి వెడల్పుగా బయటికి పోతున్నారు. నాకా భాగ్యం లేదు. తాడు పట్టిన వేళ్ళు మంట పుట్టి, మలుపు ఎప్పుడొస్తుందా, ఎప్పుడు వదులుదామా అని ఉన్నాయి. అందుకని ప్రతి మలుపులోనూ పూర్తిగా వదిలేసి, లోపలి అంచు పట్టుకుని బుద్ధిమంతుడిలా తిరిగి, నేరుగా రాగానే పూర్తిగా లాగుతున్నాను. (ఇందులో నా తెలివి ఏమీ లేదు. ఉందని పదేళ్ళు చెప్పుకు తిరిగాను.) మూడో రౌండుకు ఆరుగురు వెనకబడ్డారు. ఆస్పరి నుంచి వచ్చినతను ఇసుక సంచుల మీద కూర్చుని నాకు చేయి ఊపాడు. ఆరో రౌండుకు నా ముందు ఇద్దరు. ఏడో రౌండుకు ఒక్కరు, బూట్లు తళతళలాడుతూ.

చివరి రౌండులో ఆఖరి మలుపు దగ్గర మట్టి మెత్తబడి పిండిలా ఉంది. బూట్ల సారు వేగంగా వచ్చి, జారి, ఒక కాలు కింద పెట్టాడు. అంత మంచి బూటూ మడమ దాకా దిగబడింది. నేను వదిలాను. ఆయన లోపలి పక్కనుంచి, ఆయన మోచేతికి నా పత్తి రాసుకుంటూ, తిరిగాను. తిరిగి, నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఆ లాగుడు మగ్గం మీద లాగి ఉంటే నాడె గోడ పగలగొట్టుకుని పోయేది. జెండా నా తల మీద ఊగింది. "పరుపు! పరుపు! పరుపు గెలిచినాది!" అని మైకాయన మైకు పారేసి పరిగెత్తాడు. బావ క్యారియరు మూత వాయిస్తున్నాడు. అక్క ఏడుస్తూ నన్ను కొడుతోంది. పత్తి మూలంగా నాకు తెలియలేదు.

జనం నన్ను ఎత్తుకోబోయి, బరువు చూసి విరమించుకున్నారు. ఆ సందులోంచి ఉస్తాద్ నెమ్మదిగా నడిచి వచ్చాడు. కమిటీవాళ్ళు నా ఎడమ చేతికిచ్చిన గెలుపు కప్పు వైపు చూడలేదు. నా కుడి చేయి వైపు చూశాడు. వేళ్ళు బిగుసుకుపోయి పిడిని వదలడం లేదు. ఒక్కో వేలునూ ఆయనే విడదీశాడు.

"రెండో రౌండు కాడనే నా చెవికి తెలిసె. ఎక్సలేటరు తిప్పితే వచ్చే సౌండు కాదది. నా డబ్బాలో కేబులు ఉండె. ఎందుకు అడగల్యా?"

"అడిగితే మీరు ఇంజను ఇయ్యరని, ఉస్తాద్."

ఆయన అక్క వేసిన ముడిని వేలితో తడిమి చూశాడు. "ఇంజను బాగా కట్టినావ్ బేటా. ఒక్కసారి కూడా తప్పు పలకల్యా అది. అడిగేది మాత్రం నీకు రాలేదు. నేను ముసలోన్ని అయినా, నా చెవి తప్పినప్పుడు ఇంకొకన్ని అడుగుతా. సిగ్గేంది దాంట్లో? రేపు పొద్దున రా. చేతులు కడుక్కొని రా."

సోమవారం పొద్దున గుడ్డ పరిచి ఉంది. ఒక టీచరమ్మ బండి ఇంజను దాని మీద. ఉస్తాద్ పక్కన స్టూలు మీద కూర్చుని, "ఏం కావాల్నో అడుగు" అన్నాడు. నేను అడిగాను. పది నంబరు స్పానరు అడిగాను, ఇచ్చాడు. ఇది ఏ వైపు తిరుగుతుందని అడిగాను, చెప్పాడు. ఆ రోజు నేను అడిగినన్ని ప్రశ్నలు బడిలో తొమ్మిదేళ్ళలో కూడా అడగలేదు. సాయంత్రానికి బండి పలికింది. గుడ్డ మీద ఒక చిన్న వాషరు మాత్రం మిగిలిపోయింది. ఇద్దరం దాన్ని చూశాం. ఉస్తాద్ "మళ్ళా ఇప్పు" అన్నాడు, నవ్వుతూ.

ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. సొంత షెడ్డు ఉంది. ఎమ్మిగనూరు రోడ్డు మీద పోయేటప్పుడు నలభై స్పీడు దాటను, కుర్రాళ్ళు హారను కొట్టి మరీ నన్ను దాటిపోతారు. ఆ చేను పక్కకు వచ్చినప్పుడు మాత్రం బండి ఇంకా నెమ్మదిస్తాను. పత్తి కుక్కిన కోటులో ఉడికిపోతూ, భయాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని, గీత దగ్గర నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళవాడు కనపడతాడు. పోయి వాడి భుజం తట్టి, "ఏం కాదులే రా, గెలుస్తావు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు వినడు. ఈ నలభై స్పీడులో పోయే పెద్దమనిషిని చూసి, "పక్కకు జరగన్నా, రేసుంది" అంటాడు. నేను కూడా జరుగుతాను.