పక్క సీటు కింది బ్రేకు

బ్రేకు మాస్టారు ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు. కారు నడపడం నేర్పే మనిషికి ఇది అంత మామూలు గుణం కాదు. అదే వీధి చివర ఇంకో డ్రైవింగ్ స్కూలు నడిపే పెద్దమనిషి ఒక్క అరుపు అరిచాడంటే, నేర్చుకునేవాడికి ఏది కుడో ఏది ఎడమో కూడా గుర్తుండేది కాదు. మన మాస్టారు అలా కాదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, సినిమాకి వచ్చినంత తీరిగ్గా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. చేయాల్సిన పనంతా కింద ఆయన కుడికాలు చూసుకునేది.

నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు అమర్చి ఉంటాయి. మిగతా మాస్టార్లు ఆ బ్రేకుని ఆపద ముంచుకొస్తే వాడతారు. ఈయన అసలు ఆపదని దరిదాపులకే రానిచ్చేవారు కాదు. ఎదర గతుకున్నా, సైకిలాయన ఎవరో అడ్డం వచ్చేలా ఉన్నా, నడిపేవాళ్లకి తట్టకముందే ఆ కాలు బ్రేకు మీద పడేది. అదీ ఎంత మెత్తగా అంటే, నిద్రపోతున్న పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు. కారు ఒద్దికగా నెమ్మదించేది. ఎంత బాగా ఆపారో చూశారా అని మాస్టారు మెచ్చుకునేవారు. స్టీరింగు పట్టుకున్నవాళ్లు నిజమే కాబోలనుకుని పొంగిపోయేవారు. అందుకే ఊళ్లో భయస్తులంతా వెతుక్కుంటూ ఈయన దగ్గరికే వచ్చేవారు. వాళ్లు లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పడం మామూలే. పక్కన కూర్చున్న అధికారి మొహం చూసి బెదిరిపోయి ఉంటారులే అని మాస్టారు వాళ్లకి సర్దిచెప్పేవారు, తనకీ చెప్పుకునేవారు.

ఎండలు ముదరకముందు, వేసవి ఇంకా బుద్ధిగా ఉండే రోజుల్లో, ఏటా ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఆ కారులోనే కొండమీది జలాశయానికి వెళ్లేవారు. ఒక ఏడాది వెనక సీటులో కడుపులో తిప్పుతోందంటే అత్తగారిని ముందు కూర్చోబెట్టారు. ఆవిడ పుచ్చకాయని ఒళ్లో పెట్టుకుని సర్దుకుంది. కిందికి చూసి, కాళ్లు పెట్టుకోవడానికి పీట కూడా వేయించాడని అల్లుడి మర్యాదకి మురిసిపోయి, రెండు పాదాలూ ఎత్తి బ్రేకు మీద పెట్టింది. కారు నడిరోడ్డు మీద కొయ్యబారిపోయింది. పుచ్చకాయ ఎగిరి అద్దానికి తగిలి, అద్దం బతికింది గానీ అది బతకలేదు. వెనకాల వస్తున్న లారీ డ్రైవరు దిగొచ్చి, ఒళ్లంతా గింజలతో ఉన్న మాస్టారికి బ్రేకు ఎలా వెయ్యాలో పాఠం చెప్పి వెళ్లాడు. ఆ కథ ఇంట్లో ఏటా చెప్పుకుంటారు. చెప్పినప్పుడల్లా లారీ కాస్త పెద్దదవుతూ ఉంటుంది.

ఈ ఏడు మాస్టారి చూపు దెబ్బతింది. ఎటు చూసినా మధ్యలో ఒక మసక. అంచులు బాగానే కనిపిస్తాయి, చూడాలనుకున్నదే కనిపించదు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కంటి డాక్టరు మర్యాదగానే చెప్పాడు. ఎంత మర్యాదగా చెప్పినా ఆ మాట ఆ మాటే. స్కూలు బోర్డు దించేశారు. కారు కూడా అమ్మేద్దామంటే కూతురు ససేమిరా అంది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఆ అమ్మాయి రోజూ దాన్నే నడుపుకుంటూ వెళ్తోంది. ఇప్పుడది నేర్పే కారు కాదు కనక పక్క సీటు కింది పెడళ్లు మెకానిక్ చేత తీయించేసింది. అవి ఉన్నచోట రెండు కన్నాలు మిగిలితే, వాటికి నల్ల రబ్బరు మూతలు బిగించి పైన పట్టా పరిచారు.

ఆ ఆదివారం కూతురు స్టీరింగు ముందు కూర్చుంది. వెనక భార్యా అత్తగారూ, వాళ్ల మధ్య భోజనం డబ్బాలూ పుచ్చకాయా. మాస్టారు అలవాటైన తన సీటులో కూర్చున్నారు. ఊరు దాటేవరకూ ప్రయాణం సరదాగానే సాగింది. లారీ కథ మొదలై, అత్తగారు అది బ్రేకని తనకెవరు చెప్పారని ఏటా అడిగే ప్రశ్నే మళ్లీ అడిగింది. అందరూ నవ్వుతున్నారు. అంతలో కొండ మొదట్లో ఉండే స్పీడ్ బ్రేకరు వచ్చిందని మాస్టారికి రోడ్డు చప్పుడుని బట్టి తెలిసింది. ఆయన కాలు దానంతట అదే ముందుకి వెళ్లి నొక్కింది. పట్టా మెత్తగా దిగింది, దానికింద రబ్బరు మూత దిగింది, కారు వేగం మాత్రం దిగలేదు. ఒక క్షణం తర్వాత వేగం తగ్గి, అందరూ కొద్దిగా ఎగిరిపడ్డారు. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

స్పీడ్ బ్రేకరు ఒక లెక్కలోది కాదు. ఆయనకి గుర్తొచ్చింది పంపు హౌస్ మలుపు. పైకెక్కేటప్పుడు దాంతో పేచీ లేదు, బండి దానంతట అదే మూలుగుతూ నెమ్మదిస్తుంది. దిగేటప్పుడే దాని అసలు రంగు తెలిసేది. నిటారు పల్లం, పల్లం చివర పంపు హౌస్ గోడ చాటున మలుపు, మలుపు అవతల మోకాలెత్తు పిట్టగోడ, దాని కింద పాత క్వారీ. కూతురికి నేర్పేటప్పుడు ఎన్నోసార్లు ఇక్కడికి తీసుకొచ్చారు. ప్రతిసారీ గోడ కనిపించకముందే తన కాలే నొక్కింది. ప్రతిసారీ బాగా ఆపావు తల్లీ అన్నది కూడా తనే. ఆ పిల్ల తనంతట తాను ఇక్కడ బ్రేకు వేసింది ఎప్పుడా అని వెతుక్కున్నారు. ఒక్కసారి కూడా దొరకలేదు. పరీక్ష నెగ్గాక అమ్మాయి నడిపిందంతా ఊళ్లో చదును రోడ్ల మీదే. ఈ సాయంత్రం ఇంట్లో మిగతా ముగ్గురినీ ఎక్కించుకుని, ఆ పల్లంలో మొదటిసారి తనంతట తానే దిగబోతోంది.

జలాశయం ఒడ్డున దుప్పటి పరిచారు. గాలి చల్లగా ఉంది. నీళ్ల మీద పిల్లలు కేకలు వేస్తూ తొక్కుడు పడవలు తిప్పుతున్నారు. మాస్టారు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు అందరం బస్సెక్కుదామా అని భార్యని మెల్లిగా కదిపి చూశారు. కారు పెట్టుకుని బస్సేమిటని ఆవిడ ఆశ్చర్యపోయి, ఈయనకి ఎండ తగిలిందని తేల్చి, తువ్వాలు తడిపి నెత్తిన వేసింది. తడి తువ్వాలు కింద కూర్చుని ప్రాణభయం గురించి మాట్లాడటం ఎవరికైనా కష్టమే.

తిన్నాక కూతురు ఆయన్ని లాక్కెళ్లి తొక్కుడు పడవ ఎక్కించింది. చెప్పదలుచుకుంటే ఇదే అదను. కానీ ఏమని చెబుతారు? రెండుసార్లు పరీక్ష తప్పి, ఇక నా వల్ల కాదు నాన్నా అని గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల. మూడోసారి నెగ్గిన రోజు మిఠాయి డబ్బాతో వీధంతా తిరిగింది. నీకు బ్రేకు వెయ్యడం రాదు, ఇన్నాళ్లూ వేసింది నేనే అని ఇప్పుడు చెబితే ఆ పిల్ల మళ్లీ స్టీరింగు ముట్టుకోదు. చెప్పకపోతే ఎదురుగా క్వారీ ఉంది. ఆ బాధంతా కాళ్లలోకి దిగి, ఆయన అదేపనిగా తొక్కేసరికి పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

"నాన్నా, నువ్వొక్కడివే తొక్కేస్తున్నావు. నన్ను కూడా తొక్కనీ," అంది కూతురు నవ్వుతూ.

ఆయన కాళ్లు ఆపారు. దిగేటప్పుడు జాగ్రత్తమ్మా అని మాత్రం అనగలిగారు. పడవ దిగడం గురించి అనుకుని ఆ అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని ఒడ్డుకి దింపింది.

ఎండ వాలాక బయల్దేరారు. కాస్త ముందుకి వచ్చేసరికి అత్తగారు గురక మొదలుపెట్టింది. మాస్టారు కుడిచేత్తో సీటు అంచు గట్టిగా పట్టుకున్నారు. కళ్ల ముందు మసక తప్ప ఏమీ లేదు. అయినా ఆ రోడ్డు ఆయనకి చూపుతో పనిలేనంత కంఠస్థం. చిన్న కల్వర్టు మీద టైర్ల చప్పుడు బోలుగా మారింది. ఆ తర్వాత కొండ నీడ మొహం మీద చల్లగా పడింది. ఆ వెంటనే బండి ముందుకి వాలింది. పంపు హౌస్ మోటారు రొద వినిపించడంతోనే మాస్టారు నొక్కారు.

కారు వేగం తగ్గలేదు. మళ్లీ నొక్కారు. రబ్బరు మూత పాదం కింద దిగింది, లేచింది. రొద దగ్గరవుతోంది. అరవాలని నోరు తెరిచారు. ఎన్నడూ అరిచి ఎరగని గొంతు కదా, అవసరానికి పెగల్లేదు. ఇంత నిస్సహాయత ఆయన జన్మలో ఎరగరు. ఎంతమందినో ఈ సీటులో కూర్చునే కాపాడుకొచ్చిన మనిషి, కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి పట్టా తొక్కుతూ ఉండిపోయారు.

అప్పుడు కారు వేగం తగ్గింది. ఆయన నొక్కిన చోట తగ్గలేదు, ఇంకా ముందుకి వెళ్లాక తగ్గింది. ఒక్కసారిగా కాకుండా, ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. గేరు మారింది. గోడ పక్కనుంచి బండి నిదానంగా తిరిగింది, కొండ నీడ పోయి ఎడమ చెంప మీదికి ఎండ వచ్చింది. అత్తగారి గురక కూడా తెగలేదు.

మలుపు దాటాక చదునైన చోట కూతురు బండి పక్కకి తీసి ఆపింది. తండ్రి మొహం చూసి కంగారుపడి నీళ్ల సీసా అందించింది. మాస్టారు తాగలేదు.

"ఇప్పుడు బ్రేకు నువ్వే వేశావా?" అని అడిగారు.

"మరెవరు వేస్తారు నాన్నా?"

కూతురు స్టీరింగు వైపు చూస్తూ మెల్లిగా చెప్పింది. "నీతో వచ్చినప్పుడల్లా నా కాలి కింద పెడల్ దానంతట అదే కిందికి వెళ్లిపోయేది. నేను నొక్కడానికి ఏమీ మిగిలేది కాదు. చెబుదామంటే, బాగా ఆపావు తల్లీ అని నువ్వు అంత సంతోషంగా అనేవాడివి. ఇంకేం చెప్పను? పరీక్షలో పక్కన నువ్వు లేకపోయేసరికి అడ్డంగా దొరికిపోయాను."

"మరి ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇక్కడే. అమ్మని నీ సీటులో కూర్చోబెట్టుకుని నేర్చుకున్నా. అమ్మకి బ్రేకు ఎక్కడుంటుందో కూడా తెలీదు కదా."

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వానాకాలంలో తల్లీ కూతుళ్లు పొద్దున్నే కూరగాయలకని కారు తీసుకెళ్లి, ఎండెక్కాక ఒక్క ఆకుకూర కట్టతో ఇల్లు చేరేవారు. మార్కెట్టులో సరుకు రావడం లేదేమోనని అప్పట్లో ఆయన జాలిపడ్డారు కూడా.

"నన్ను కాళ్లు కింద పెట్టొద్దని ఒట్టు వేయించుకుందండీ," అంది భార్య వెనకనుంచి. "బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. భయంతో చచ్చేదాన్ని గానీ, దానికి అదే పనికొచ్చింది."

కూతురు బండి ముందుకి తీసింది. కూతురు క్షేమంగా దింపిందన్న సంతోషం మాస్టారికి ఉంది, లేకపోలేదు. దాని పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఎంతమందికి నేర్పారు తను? పాలవ్యాను నడిపే కుర్రాడు, స్కూలు పిల్లల్ని దింపే అమ్మాయి, రిటైరయ్యాక ముచ్చటపడి నేర్చుకున్న గుమాస్తా. అందరినీ మెచ్చుకున్నారు, అందరి బ్రేకూ తనే వేశారు. వాళ్లంతా ఈ వేళప్పుడు కింద ఊళ్లో ఎక్కడో ఒకచోట బండి నడుపుతూనే ఉంటారు. కూతురిలాగే తంటాలు పడి వాళ్లే ఎక్కడో నేర్చుకుని ఉంటారని అనుకోవడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

ఊరు దగ్గరపడింది. ఎక్కడో హారను మోగితే ఆయన కాలు పట్టా నొక్కింది. ఇంకెవరిదో బండి కీచుమంటే మళ్లీ నొక్కింది. కూతురు ఓరగా చూసింది గానీ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ సిగ్గనిపించింది. అలా అనకుండా ఊరుకోవడం ఆ పిల్లకి తన దగ్గరే అలవాటైంది మరి.

మాస్టారు వంగి చెప్పులు విడిచారు. సీటు కాస్త వెనక్కి జరుపుకుని, కాళ్లు రెండూ పైకి మడుచుకుని బాసింపట్టు వేసుకున్నారు. ఆ సీటులో ఆయన అలా కూర్చోవడం అదే మొదలు. అప్పుడే మెలకువ వచ్చిన అత్తగారు ముందుకి తొంగి చూసి, "ఇప్పటికి కుదురుగా కూర్చున్నాడమ్మా మీ ఆయన," అని పక్కనున్న తన కూతురితో అంది.

ఇంటి వీధి మొదట్లో గతుకు వచ్చింది. కూతురు చూసి మెల్లిగా బ్రేకు వేసింది. మాస్టారి కుడికాలు మాత్రం ఆయన ఎడమ తొడ కిందే బిగుసుకుని, అంతకు ముందే నొక్కేసింది.