చేత్తో లాగిందే విల్లన్న మా మామ

మామ పోయిన సంగతి వదిన ఫోనులో చెప్పింది. నేను కావలిలో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. వదిన అంటే మామ కూతురే. బిట్రగుంటలో తండ్రి దగ్గరే ఉండి చూసుకునేది. "అమ్మణ్ణీ, నాన్న పోయినాడు మే," అంది. "కాఫీ తాగినాడు, గ్లాసు కింద పెట్టినాడు, అంతే," అంది. మా చర్చి సంఘంలో ఇలాంటప్పుడు ప్రభువునందు నిద్రించారు అంటారు. వదిన ఆ మాట అనలేదు. నాకూ ఆమెతో అనాలనిపించలేదు. చివరి రెండేళ్లలో ఆయన నెమ్మదిగా నిద్రపోయింది మేమెవరం చూడలేదు.

ఆయన మా అమ్మకు అన్న. రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనాక కూడా కాలనీ పక్కనే ఉండిపోయాడు. చుట్టుపక్కల వాళ్లందరికీ ఆయన విల్లు మామ. వెదురు చీల్చి, నిప్పు సెగకు వంచి, తనే విల్లు చేసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ తేనె మైనం ముద్ద ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి వింటి నారికి రుద్దేవాడు. చేతిలో విల్లు లేకపోతే లుంగీ అంచుకు రుద్దేవాడు. అత్త బతికున్నంతకాలం ఆ మరకల గురించి గొణుగుతూనే ఉండేది.

పెళ్లి కాకముందు ఒక్కసారి ఆయన వేటకు పోయాడు. వేట మీద నిషేధం ఇంకా రాని రోజులు. వాళ్ల నాన్నతో పడమటి కొండలకు వెళ్లి, తగులుతుందో లేదో తెలియనంత దూరం నుంచి ఒక దుప్పిని కొట్టాడు. బాణం కడుపులో దిగింది. దుప్పి పరుగెత్తింది. తిరిగి పోదామంటే వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. "నువ్వు కొట్టినదాన్ని నువ్వే ముగించాల," అన్నాడట. నెత్తురు చుక్కలు పట్టుకుని పొద్దు వాలేదాకా తిరిగారు. మర్నాడు పొద్దున ఒక బండ చాటున కనిపించింది. ఇంకా బతికే ఉంది. తండ్రి కత్తి తీసి కొడుకు చేతికిచ్చి, తను పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఈ కథ మామ మాకు చాలాసార్లు చెప్పాడు. కత్తి చేతికొచ్చేదాకా చెప్పి ఆపేసేవాడు. "తర్వాత చట్టమొచ్చింది. అది నాకు కొత్తగా ఏం జెప్పలా," అనేవాడు.

అయినా విల్లును మాత్రం వదల్లేదు. ఏటా చర్చిలో కోతల పండగ నాడు, ఆరాధన అయ్యాక, వెనక మైదానంలో గడ్డి దుప్పి పందెం పెట్టేవాడు. వరిగడ్డి మోపులు కట్టి, గోనె చుట్టి, దుప్పి ఆకారం చేసి, గుండె ఉండే చోట ఎర్ర రంగు పూసేవాడు. అక్కడ తగిలితే గెలుపు. అసలు తగలకపోతే ఇంకో బాణం ఇచ్చేవాడు. కడుపుకు తగిలితే మాత్రం ఆ ఏటికి పందెం నుంచి బయటికే. కొత్తగా వచ్చినవాళ్లు గొడవ పడేవాళ్లు, తప్పిపోయిన బాణం కంటే తగిలిన బాణం నయం కదా అని. "తప్పిపోతే దుప్పి బతుకుద్ది నాయనా. కడుపులో తగిల్తే బతకనూ బతకదు, చావనూ చావదు," అనేవాడు. ఎవరు ఎంత బాగా వేసినా నోటితో మెచ్చుకునే అలవాటు లేదు. "పోయి చూడు," అనేవాడు. వేసినవాడు అంత దూరం నడిచి వెళ్లి, బాణం ఎక్కడ దిగిందో కళ్లతో చూసి, చేత్తో పెరుక్కుని రావాలి.

నాకు విల్లు ఇచ్చినప్పుడు సంఘంలో పెద్దలు ముఖాలు చూసుకున్నారు. ఆడపిల్ల నలుగురిలో చేతులెత్తి బాణాలేయడమేమిటని ఒకాయన అననే అన్నాడు. "లాగేది ఎవురో విల్లుకు తెలవదు గదయ్యా," అని మామ నవ్వేసి, నా చెప్పులు విప్పించి నిలబెట్టాడు. చెప్పుల కాళ్లతో ఎవరినీ వేయనిచ్చేవాడు కాదు. "బాణం వదిలినాక ప్రార్థన పనికిరాదు, ముందే చేసుకో," అన్నాడు. నేను నిజంగానే కళ్లు మూసుకున్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

తర్వాత చాలా ఏళ్లకు ఆయన కుడి భుజం పట్టేసింది. నెల్లూరు తీసుకెళ్లి చూపించాం. మందులిచ్చారు, వ్యాయామం చెప్పారు. చెయ్యి చెవి దాకా రావడం మానేసింది. అప్పటి నుంచి పందెం నడిపించడమే గానీ విల్లు పట్టలేదు.

ఆ రోజుల్లోనే క్రాస్‌బో వచ్చింది. తెచ్చింది బోగోలు వైపు రొయ్యల గుంటలు చేసే ఒక యువకుడు. మా సంఘంవాడే, మంచివాడు. మోటారు సైకిలు మీద నుంచి పడి భుజం విరిగినప్పటి నుంచి అతనూ విల్లు లాగలేడు. ఫోనులో చూసి తెప్పించుకున్నాడు. తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కితే పొట్టి బాణం దూసుకుపోతుంది. పైన దూరం చూసే అద్దం కూడా ఉంది. కోతల పండగ పందెంలో దాన్నీ రానివ్వమని అడిగాడు. చర్చి హాల్లో సంఘ పెద్దలు కూర్చున్నారు. నేనూ ఉన్నాను.

"ఇదీ విల్లే గదా మామా," అన్నాడతను. "నారి ఉండాది, బాణం ఉండాది. నా చెయ్యి లేవదు. అంతమాత్రాన నేను ఆడగూడదా?"

"ఆడు. దానికి వేరే పందెం పెట్టుకో. దీంట్లో కలపమాక."

"ఎందుకని?"

మామ మైనం ముద్ద తీసి చేతిలో నలుపుతూ చెప్పాడు. "విల్లు లాగి పట్టుకుంటే చెయ్యి వణుకుద్ది. ఇంత దూరం నుంచి వెయ్యొచ్చునా అని ఆ వణుకే నిన్ను అడుగుద్ది. దీన్ని లాగి కొక్కేనికి తగిలిస్తే సాయంత్రం దాకా అట్టనే ఉంటది. నిన్ను అడిగేదేం ఉండదు."

"చెయ్యి వణికితేనే గదా మామా కడుపుకు తగిలేది. దీనికి గురి తప్పదు."

మామ మైనం ముద్దను మళ్లీ జేబులో వేసుకున్నాడు. "అదీ నిజమే," అన్నాడు. "గురి తప్పదని నమ్మినోడు ఇంకా దూరం నుంచి వేస్తాడు. అదే నా భయం."

ఆ యువకుడు లేచి క్రాస్‌బోను తెచ్చి మామ ముందు బల్ల మీద పెట్టాడు. "నువ్వు గూడా మళ్ళా వెయ్యొచ్చు మామా. ఒకసారి పట్టుకో." ఆ మాటలో ఎగతాళి లేదు. నిజమైన ప్రేమతోనే అన్నాడు. మామ దాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి, మీట మీద వేలు పెట్టి చూశాడు. ఆయన ముఖంలో ఆశ లేదని నేను చెప్పలేను. "బాగా చేసినారు," అని మెల్లగా దించాడు. "నాకు లాగేది అయిపోయింది. అయిపోయిందని తెల్సుకోవాల గదా నాయనా."

క్రాస్‌బోను రానివ్వడానికే పెద్దలు చేతులెత్తారు. దుప్పి గడ్డిది, ప్రాణమున్నది కాదు, పిల్లలు సరదా పడుతున్నారు, దేనికి కాదనాలి అన్నారు. క్రాస్‌బో పందెంలోకి వచ్చింది. ఆ ఏడు అదే గెలిచింది. మరుసటి ఏడు ఇంకొన్ని వచ్చాయి. గడ్డి దుప్పిని మైదానం చివరికి జరిపారు. అంత దూరం వెదురు విల్లు బాణాలు పోవు. చేతి విల్లులకు భోజనాల తర్వాత వేరే వరస పెట్టారు. అప్పుడు అక్కడ ఉన్నది నేనూ, నాలాంటి మొండివాళ్లు ఇద్దరు ముగ్గురూ. జనం చేతులు కడుక్కుంటూ, ఆటోలు మాట్లాడుకుంటూ వెళ్లిపోతున్నారు. మామ మాత్రం ఎప్పటిలాగే నిలబడి, ప్రతి బాణానికీ "పోయి చూడు," అన్నాడు.

తర్వాతి ఎండాకాలం కొండల్లో నీళ్లు ఎండిపోయి దుప్పులు దిగి వచ్చాయి. రైలు కట్ట దాటి వేరుశెనగ చేలల్లో పడుతున్నాయని రైతులు చెప్పుకునేవారు. ఒక పొద్దున గొర్రెలు తోలుకుపోయే మనిషి మామ ఇంటికి వచ్చి, సరుగుడు తోటలో ఆడ దుప్పి పడి ఉందని చెప్పాడు. నా స్కూటరు మీద మామను ఎక్కించుకుని వెళ్లాను.

కడుపులో పొట్టి బాణం ఉంది. వెనక రెక్కలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. దుప్పి తల ఎత్తి మమ్మల్ని చూసింది. లేవబోయి లేవలేకపోయింది. మేము దగ్గరికి పోతే బెదిరి ఇంకా బాధపడుతుందని మామ దూరంగానే సరుగుడు ఆకుల మీద కూర్చున్నాడు. నేను అటవీశాఖ వాళ్లకు ఫోను చేశాను. వస్తున్నామన్నారు. ఏమీ చేయలేమా అని మామను అడిగాను. ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. జీపు వచ్చేసరికి దుప్పి కళ్లు తెరుచుకునే చనిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనక నుంచి ఒక్క మాట అన్నాడు. "కొట్టినోడు పోయి చూడనైనా లేదు మే."

ఆ సాయంత్రమే రొయ్యల గుంటల యువకుడు మామ ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "నాది బీరువాలోనే ఉండాది మామా. నేను గాదు," అన్నాడు.

"నువ్వని నేననలా. రా, కూర్చో."

"నువ్వు జెప్పినట్టే అయింది."

"కాకుండా ఉంటే బాగుండు," అన్నాడు మామ.

ఎవరు కొట్టారో ఇప్పటికీ తెలియదు. పోలీసులు వచ్చి అందరినీ అడిగారు. సంఘ పెద్దలు భయపడి, పండగలో విల్లు అనే మాటే వద్దని తీర్మానించారు. క్రాస్‌బోతో పాటు చేతి విల్లు కూడా పోయింది. మామ చెప్పి చూశాడు, ఇది వేరు, అది వేరు అని. వేరని చెప్పినప్పుడు కాదని కలిపినవాళ్లే, ఇప్పుడు రెండూ ఒకటేనని ఆపేశారు. స్టోరు గదిలో ఉన్న గడ్డి దుప్పి కట్లు విప్పి ఎవరిదో గేదెకు వేశారు.

మా బడి ఆవరణలో పిల్లలకు నేర్పుదాం రమ్మని నేను అడిగాను. రెండుసార్లు అడిగాను. "ఎవురికి మే," అన్నాడు, నా వైపు చూడకుండా. ఏదో ఒకరోజు ఒప్పుకుంటాడని అనుకున్నాను. ఒప్పుకోలేదు. కుర్చీ వరండాలో నుంచి లోపలికి మార్పించుకున్నాడు. జేబులో మైనం పెట్టుకోవడం మానేశాడు. వదిన ఒకసారి తనే కొత్త ముద్ద కొని తెచ్చి జేబులో వేస్తే, తీసి కిటికీలో పెట్టాడట.

ఆయన నాకిచ్చింది ఏమిటని ఎవరైనా అడిగితే పెద్దగా చెప్పలేను. తరగతిలో ఒక పిల్లవాడి మీద నోరు ఎత్తబోయి, లోపల చిన్న వణుకు తెలిసి, ఆగిన సందర్భాలున్నాయి. ఆగకుండా అనేసిన రోజున, ఆ పిల్లవాడి బల్ల దాకా నడిచి వెళ్లి ముఖం చూస్తాను. అంతే. దీన్ని నేను ఇంకొకరికి ఎలా నేర్పాలో నాకు తెలియదు. ఆయనకు తెలుసు, నేర్పే చోటు మేము మిగల్చలేదు.

సమాధుల తోట రైలు కట్టకు ఆనుకునే ఉంటుంది. మేము మామను తీసుకెళ్లేసరికి రొయ్యల గుంటల యువకుడు ముందే వచ్చి కుర్చీలు వేయిస్తున్నాడు. పాటలు అయ్యాయి. పెట్టె దించారు. పాస్టరు అయ్యగారు మట్టికి మట్టి అనే ప్రార్థన మొదలుపెట్టగానే గూడ్సు బండి వచ్చింది. ఆయన మాట వినిపించక ఆగి, పుస్తకంలో వేలు పెట్టుకుని ఎదురుచూశాడు. వదిన, నేను, అందరం పిడికిట్లో మట్టితో నిలబడ్డాం. ఇసుక కలిసిన నేల కదా, ఎంత బిగించి పట్టుకున్నా వేళ్ల సందుల్లోంచి సన్నగా కారిపోతూనే ఉంది. పెట్టె తర్వాత పెట్టె, బండి పోతూనే ఉంది.