డ్రమ్ము వెనకాల దొర

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా వచ్చేది కాదు. ఇప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. కోపం మాత్రం పోలేదు.

పదకొండో రోజు భోజనాల దగ్గర అందరిదీ ఒకటే మాట. దేవత అన్నారు. కల్లాకపటం తెలియని మనిషి అన్నారు. విస్తరి ముందు కూర్చుని అది వింటుంటే నాకు గట్టిగా అరవాలనిపించింది. మా పెద్దమ్మకి కపటం తెలియకపోవడమేమిటి? నా పదకొండో ఏట ఆవిడ నన్ను ఎలా బోల్తా కొట్టించిందో ఆ పందిట్లో ఒక్కరికీ తెలియదు. చెబుదామంటే ముందు నేను చేసిన పని చెప్పాలి. అందుకే నోరు మూసుకుని పప్పన్నం కలుపుకున్నాను.

నాన్నకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, అమ్మకి ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగం. అందుకని బడికి ముందూ తర్వాతా, సెలవు రోజుల్లోనూ నేను వన్‌టౌన్‌లో పెద్దమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని. మేడ మీదకెక్కితే హార్బర్ క్రేన్లు కనిపించే ఇల్లు. పెద్దనాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయేవారు. ఆయన గడప దాటగానే పెద్దమ్మ ఎదురింటికి వెళ్ళేది. అక్కడ ఒక టైలర్ ఉండేది. వీధంతా ఆవిడని ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్ళం. ఖాలాకి షుగరు వచ్చి చూపు మందగించింది, కానీ కుట్టుపని మానడానికి ఒప్పుకునేది కాదు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక డజను సూదులకి దారాలు ఎక్కించి, దిండుకి వరసగా గుచ్చి వచ్చేది. ఆ రోజు కాజాలకీ హుక్కులకీ అవి సరిపోవాలి. తర్వాత చేప తలకాయల కోసం గోడ మీద కాసుకుని కూర్చున్న పిల్లులు. తర్వాత కుక్కలు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఎవరో ఒక చుట్టం ఉండేవారు, వాళ్ళకి క్యారేజీ. ఇవన్నీ అయ్యాక నా జడ. ఏ రోజూ ఆ వరస మారలేదు. నా వంతు ఎప్పుడూ చివరే.

కుక్కల్లో ఒకటి బాగా ముసలిది. గోధుమ రంగు, ఒక చెవి చిరిగిపోయి ఉండేది. మా మెట్ల మీద ముందు కాలి మీద కాలేసుకుని, వచ్చేపోయేవాళ్ళని జమీందారులా చూస్తూ పడుకునేది. దానికి పెద్దమ్మ దొర అని పేరు పెట్టింది. వాడు, వీడు అనే తప్ప ఎప్పుడూ అది అని అనలేదు.

ఆ ఏడాది మా స్కూలు వార్షికోత్సవంలో నాకు డాన్సులో ముందు వరస ఇచ్చారు. ఖాలా స్వయంగా లంగా, జాకెట్టు కుట్టింది. హుక్కులు వేయించి పెద్దమ్మ సాయంత్రం అయిదుకల్లా పట్టుకురావాలి. అయిదైంది, ఆరైంది. టీచర్ రెండుసార్లు వచ్చి అడిగి, మూడోసారి వేరే అమ్మాయిని ముందు వరసలో నిలబెట్టేసింది. నేను యూనిఫాంలో తెర పక్కన నిలబడి ఆ పాటంతా విన్నాను. పాట అయిపోయాక వచ్చింది పెద్దమ్మ. చేతిలో బట్టల కవరు, చీర నిండా పసుపూ రక్తమూ.

"అయిపోనాదేటే?" అంది.

దొరని ఎవడో స్కూటరుతో గుద్దేశాడట. పశువుల ఆసుపత్రికి మోసుకెళ్ళి కట్టు కట్టించి వచ్చిందట.

"నీకు నా కన్నా ఆ కుక్కే ఎక్కువ" అన్నాను.

"ఎక్కువా తక్కువా ఏటుందే. ఆడికి కాలిరిగింది, నీకు ఇరగనేదు."

ఆ మాటకి ఇవాళ్టికీ ఒళ్ళు మండిపోతుంది. రెండు వారాలు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. తను మాత్రం అది గమనించనట్టే నా జడ వేసేది.

అలాంటి రోజుల్లోనే కుక్కల బండి వస్తోందని వీధిలో చెప్పుకున్నారు. పట్టుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, మళ్ళీ అదే వీధిలో వదులుతారట. మిగతా కుక్కల గురించి పెద్దమ్మ బెంగపడలేదు. దొర గురించే ఆవిడ భయం. ముసలివాడు, కాలు అతకలేదు, మత్తు ఇస్తే లేస్తాడో లేదో. ఆ శనివారం ఖాలాని డాక్టరుకి చూపించడానికి వెళ్తూ, మెట్ల కింద నీళ్ళ డ్రమ్ము వెనకాల గోనెపట్టా పరిచి వాణ్ణి పడుకోబెట్టింది. పైన ఇంకో పట్టా కప్పింది.

"బండొత్తే తలుపేసుకో. ఈడి మాట మాత్రం ఎవుళ్ళకీ సెప్పకు. నిన్ను నమ్మి ఎల్తన్నాను" అంది.

ఆవిడ సందు తిరిగిన అరగంటకి బండి వచ్చింది. ఇద్దరు మనుషులు వలలతో నాలుగు కుక్కల్ని పట్టారు. నేను తలుపేసుకోలేదు. మెట్ల మీద నిలబడి చూశాను. వాళ్ళలో ఒకతను చెమట తుడుచుకుంటూ, "ఇంకేవన్నా ఉన్నాయేటి పాపా?" అని అడిగాడు.

నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వేలు చూపించాను.

అతను పట్టా తీసి, కట్టు చూసి, "అయ్యో, దెబ్బ తగిలిందే. అక్కడ డాక్టరుగారున్నారులే, సూత్తారు" అని వలతో పని లేకుండా రెండు చేతులతో ఎత్తుకున్నాడు. దొర పెనుగులాడలేదు. నన్ను చూసి తోక ఊపాడు. నేను ఉన్నాను కదా, ఏం కాదులే అనుకున్నాడేమో. బండి వెళ్ళిపోయింది. నేను లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నాను.

పెద్దమ్మ వస్తూనే డ్రమ్ము వెనకాలకి వెళ్ళింది. ఖాళీ పట్టా చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఎవురు సూపించినారే?"

"నాకేటి తెలుసు. నాను టీవీ సూత్తన్నాను."

నా మొహంలోకి ఒక్కసారి చూసింది. అంతే. ఖాలాని ఇంట్లో దిగబెట్టి, మాత్రలు మింగించి, నాకు అన్నం పెట్టింది. తను తినలేదు. నా కంచం ఎత్తేశాక, "సెప్పులేసుకో, ఎల్దాం" అంది. చెప్పులేసుకుని వెనకే నడిచాను.

రెండు బస్సులు మారి ఊరి చివర, పట్టిన కుక్కల్ని ఉంచే షెడ్డుకి చేరాం. మలుపులోనే అరుపులు వినిపించాయి. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నతను ఇప్పుడు ఇవ్వడం కుదరదన్నాడు. రేపు పొద్దున్నే డాక్టరుగారు ఆపరేషన్లు మొదలుపెడతారు, అయ్యాక మేమే తెచ్చి వదులుతాం, మీరు వెళ్ళండమ్మా అన్నాడు. పెద్దమ్మ కదల్లేదు.

"కాలిరిగినోడు బాబూ. ముసలోడు. మత్తు తట్టుకోనేడు. నాకోసం కాదు, ఈ పాపకి పేణం ఆడంటే. పొద్దుట్నుంచి మెతుకు ముట్టనేదు."

నేను కడుపు నిండా చేపల పులుసుతో తిని వచ్చాను. అది ఆవిడే వడ్డించింది. నేల చూస్తూ నిలబడ్డాను. అది చూసి అతను నాది దుఃఖమే అనుకున్నాడు.

"సరే, డాక్టరుగారిని అడుగుతాను. మీ కుక్క ఏదో చూపించండి ముందు" అని లేచాడు.

అప్పుడు మా పెద్దమ్మ ఒక చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని అంది, "కళ్ళజోడు మర్సిపోనాను బాబూ. నాకు అన్నీ ఒక్కలాగే అగుపిస్తాయి. పాప సూపిస్తాది, తీసుకెల్లు."

అతని వెనకాల నేను ఒక్కదాన్నే వెళ్ళాను. అటూ ఇటూ బోనులు. ఊళ్ళో ఇన్ని గోధుమరంగు కుక్కలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. కొన్ని ఊచల మీదకి దూకుతున్నాయి, కొన్ని మూలుగుతున్నాయి. చివరి బోనులో ఒక మూల దొర ఉన్నాడు. కట్టు బురదైపోయింది. నన్ను చూశాడు. ఈసారి తోక ఊపలేదు.

ఇక్కడ లేడు అని చెప్పేస్తే అయిపోతుంది అనిపించింది. నిజం చెప్తున్నాను, అనిపించింది. వాడు ఇంటికి వస్తే రోజూ వాడి మొహం చూడాలి. రాకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. గేటు దగ్గర నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది, "ఉన్నాడేటే?" అని. ఆ గొంతు అలా వణకడం నేను ఎప్పుడూ వినలేదు.

పొద్దున బండి దగ్గర గాల్లోకి తేలిగ్గా లేచిన వేలు ఇప్పుడు లేవలేదు. అతను "ఏది పాపా?" అని రెండోసారి అడిగాక చూపించాను.

"ఇదేనా? బాగా చూసి చెప్పు, అన్నీ ఒకేలా ఉన్నాయి."

"ఇదే. ఎడమ చెవి చిరిగుంటాది. మెడ కింద తెల్ల మచ్చుంటాది. ఎనక కుడికాలు ఇరిగింది."

వాడి గురించి నాకు ఇంత తెలుసని అప్పటిదాకా నాకే తెలియదు. డాక్టరుగారు వచ్చి కాలు చూసి, ఇంత ముసలిదానికి ఇప్పుడు వద్దులే, తీసుకెళ్ళండన్నారు. పుస్తకంలో కుక్క ఎవరిదని అడిగితే పెద్దమ్మ నా భుజం పట్టుకుని ముందుకు తోసింది. అక్కడ నా పేరు నేనే రాశాను.

కుక్క అనగానే ఆటోలు ఆగలేదు. చివరికి ఒకతను, ఒళ్ళో పెట్టుకుంటే సరే అన్నాడు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులంది, దొరని నా ఒళ్ళో పెట్టింది. వాడి గుండె నా పొట్టకి టకటకా కొట్టుకుంటోంది. రెండు సిగ్నళ్ళు దాటాక పెద్దమ్మ రొంటిన దోపుకున్న చిన్న సంచీ తీసింది. అందులోంచి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుని, వంగి వాడి కట్టు పరీక్షగా చూసింది.

"మర్సిపోనానన్నావు కదా?" అన్నాను.

"అవునే. ఇప్పుడే గేపకం వచ్చినాది."

నాకు ఏడుపు రాలేదు. కోపం ముంచుకొచ్చింది. ఆవిడ తెలిసి కూడా నువ్వేనా అని అడగలేదు. అడిగితే అబద్ధమాడేదాన్ని, తిడితే తిరగబడేదాన్ని, కొడితే అమ్మకి చెప్పేదాన్ని. అందులో ఏ దారీ నాకు మిగల్చలేదు. బయటికి చూస్తూ కూర్చున్నాను. ఒళ్ళో దొర నిద్రపోయాడు.

వాడు ఇంకో రెండేళ్ళు బతికాడు. కుంటుతూనే జమీందారీ వెలగబెట్టాడు. ఆ రోజు గురించి పెద్దమ్మ మళ్ళీ ఎత్తలేదు. నేను ఎత్తబోయిన ప్రతిసారీ ఏదో ఒక పని పురమాయించేది. అలా పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

ఆవిడ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఇక ఆగలేకపోయాను. ఫోన్ పక్కనపెట్టి మంచం దగ్గర కూర్చుని చెప్పేశాను.

"పెద్దమ్మా, ఆ రోజు బండోళ్ళకి దొరని సూపించింది నానే."

"ఏ రోజే?"

"నీకు తెలుసు. డ్రమ్ము ఎనకాల."

"అదా. ఆడే దగ్గినాడు. ఆళ్ళకి ఇనబడిపోనాది."

"దగ్గనేదు. నాను సూపించాను."

"నువ్వెక్కడ సూపించినావే. నువ్వు టీవీ సూత్తన్నావు కదా. నువ్వే సెప్పినావు."

నా గొంతు లేచింది. ఆవిడా తగ్గలేదు. నేనే అని నేను, నువ్వు కాదని ఆవిడ. నర్సు పరిగెత్తుకొచ్చి, పేషెంటుతో దెబ్బలాటేంటమ్మా అని నన్ను కోప్పడింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, "ఖాలాకి సూదులు ఎవురెక్కిత్తన్నారో ఏటో. పోయి ఎక్కించి రాయే" అంది. వెళ్ళాను. దిండు నిండా గుచ్చి వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉంది. తర్వాత ఆవిడకి మాట్లాడే ఓపిక మళ్ళీ రాలేదు.

దేవత అన్నవాళ్ళకి నేను చెప్పాలనుకున్నది ఇదే. నా తప్పుకి క్షమాపణ అడిగే వీలు కూడా ఇవ్వకుండా, నా అబద్ధాన్నే నాకు అడ్డం పెట్టి వెళ్ళిపోయిన మనిషి ఆవిడ. ఆవిడ వల్ల నేను మంచిదాన్నేమీ అయిపోలేదు. నాకు మిగిలింది ఒక భయం. ఎవరినైనా వేలెత్తి చూపించబోతే, వాళ్ళని మళ్ళీ నేనే వెళ్ళి వెతుక్కోవాల్సి వస్తుందేమోనని.

పోయిన వారం మధురవాడలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పార్కింగ్‌లో కుక్కలకి అన్నం పెట్టి అలవాటు చేస్తున్నదెవరు, తెలిసినవాళ్ళు పేరు చెప్పండి, చర్య తీసుకుంటాం అని. కింద ఒకాయన నన్ను ట్యాగ్ చేశాడు, మీరు పొద్దున్నే ఆఫీసుకి వెళ్తారు, చూసే ఉంటారు అని. చూశాను. వాచ్‌మన్ భార్య. తెలిస్తే వాళ్ళ పనీ పోతుంది, మెట్ల కింద గదీ పోతుంది. ఫోన్ చేతిలోనే ఉంది. రెండు అక్షరాలు కొట్టి చెరిపేశాను.

"నేనే పెడుతున్నాను. ఏం?" అని పంపించాను.

తిట్లు వరసగా వచ్చాయి. నేనూ ఊరుకోలేదు, ఒక్కొక్కరికీ తిరిగి పెట్టాను. అంతమందిలో ఒక్కరు కూడా, పెద్దమ్మలా, నువ్వెక్కడ పెట్టావులే అనలేదు.