మొగులప్ప పాడె పట్టినవాళ్లు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు ఎండాకాలంలో నన్ను నారాయణపేట దిక్కున ఒక మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. అవతల కర్ణాటక, నడుమ వాగు. వాగులో కొన్నేళ్లు నీళ్లు కూడా ఉండేవట.

నా చేతికొచ్చిన మొదటి ఫైలు బాలమ్మది. ఆమె భర్త మొగులప్పను, పోలీసులకు సమాచారమిచ్చాడని, ఇరవై ఏళ్ల కింద అన్నలు, అంటే అప్పటి సాయుధ దళం వాళ్లు, చంపారు. శవాన్ని ఎవరూ ముట్టొద్దన్నారు. అయినా ఎవరో నలుగురు పాడెను వాగు దాటించి, ఆమె పుట్టింటి చేనులో పూడ్చి వచ్చారు. ఆ విధంగా మొగులప్ప ఏ రాష్ట్రం రిజిస్టర్లోనూ చావలేదు. ఓటరు జాబితాలో నిక్షేపంగా ఉన్నాడు. పట్టా ఆయన పేరనే ఉంది. మరణ ధ్రువపత్రం లేనిదే భూమి బాలమ్మకు రాదు.

ఏడాది దాటిన మరణం నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ముందుగా మేం ఊరికెళ్లి, అయిదుగురు సాక్షుల సంతకాలతో పంచనామా రాయాలి. ఫారంలో ఉన్నట్టే అడిగాను: ఎలా చనిపోయాడు, ఎవరు చూశారు? ఆ ఏడు ఊరంతా వలస పోయిందని తేలింది. పక్కింటి కిష్టప్పయితే తానప్పుడు బొంబాయిలో ఉన్నానన్నాడు.

పాడె పట్టినవాళ్ల పేర్లయినా చెప్పమని బాలమ్మనడిగాను.

"చెప్ప సారు. గిన్నేండ్లు ఎవ్వరికి చెప్పలె. ఆళ్లే చెప్పుకోవాలె."

రెండోసారి వెళ్లినప్పుడు ఫారం సంచిలోనే ఉంచాను. చంపిన సంగతి ఎత్తకుండా, పాడె ఎవరు పట్టారని మాత్రం అడిగాను. ముసలి బుగ్గప్ప బీడీ ఆర్పి లేచాడు.

"ముందర ఎడమ దిక్కు నేను."

"నువ్వేడున్నవ్ మామా, గా దిక్కున్నది నేను గాదె," అన్నాడు కిష్టప్ప, బొంబాయి నుంచి అప్పుడే దిగి.

పావుగంటలో పాడెకు ఏడుగురు తేలారు. తీర్పు బాలమ్మే చెప్పింది.

"కిష్టన్నా, ముందర కుడి దిక్కు నువ్వు, వాగుకాడ ఎడమకు భుజం మార్చినవ్. ఎనక ఖాసీం, ఆళ్లన్న. లచ్చప్పా, నువ్వు తలుపు సందులకెల్లి చూసినవ్. జర కూసో."

లచ్చప్ప తల దించుకుని కూర్చున్నాడు. చూసినవాడూ సాక్షేనని అయిదో సంతకం అతనితో పెట్టించాను. సంతకం చేస్తూ, అడగకుండానే, మొగులప్ప ఏ పోలీసుకూ ఏమీ చెప్పలేదని, ఆ సంగతి ఊరికి ఆనాడే తెలుసని అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఫారంలో దానికి గడి లేదు, రిమార్కుల్లో రాశాను.

ఫైలు ఒక్క కొర్రీ లేకుండా ఆర్డీవో ఉత్తర్వుతో తిరిగొచ్చింది. నా సర్వీసులో గొప్పగా చెప్పుకునే పంచనామా అదే. గొప్ప మాత్రం ఆ అయిదుగురిది. అప్పటి నుంచి ఏ విచారణకు వెళ్లినా నేరం గురించి చివర్లో అడిగేవాణ్ణి. చాలాసార్లు అడగాల్సిన పనే పడలేదు.