బందరు బస్సెక్కిన బెజవాడ

ఈ ప్రయాణం ఒక తగాదాతో మొదలైంది. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో గుడిసెలు అంటుకుని, వాటితోపాటు వలలన్నీ బూడిదయ్యాయి. కొత్త వలలు కొనివ్వడానికి బందరులో బొమ్మల అమ్మకం పెట్టాలని మా యువజన సంఘం తీర్మానించింది. అందరూ డ్రాయింగు మాస్టార్ల పేర్లే చెబుతుంటే నేను లేచి మా రత్నం మావయ్య పేరు చెప్పాను. మావయ్య బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు బొమ్మలు వేసే పెయింటరు. వెనక ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అప్పటిదాకా చదివిన కరపత్రాలన్నీ ఏకబిగిన అప్పజెప్పి, "ఆయన బొమ్మ అమ్ముడుపోకపోతే నేనీ సంఘంలో ఉండను" అని బల్ల గుద్ది బయటికొచ్చాను. ఈ సంగతి చెబితే మావయ్య తిట్టలేదు. నాలుగు ఆదివారాలు కూర్చుని, పాత లారీ వెనక తలుపు చెక్క మీద ఎనామిల్ రంగులతో వన్ టౌన్‌ బజారులో తెల్లవారడం గీశాడు. తోపుడు బళ్ళు, బస్తాలు మోసే హమాలీలు, సగం లేచిన షట్టర్లు, పైన కొండ. "బొంబాయి, కలకత్తా, మద్రాసు, డ్రైవర్లు అడిగిన ఊరల్లా క్యాలెండర్లు చూసి వేశాన్రా అల్లుడూ. కళ్ళారా చూసిన ఊరు ఇదొక్కటే. దీన్ని మాత్రం ఎవడూ అడగలా" అన్నాడు.

బెజవాడ నుంచి బందరు వెళ్ళేవాళ్ళు పెద్ద బస్టాండుకే పోనక్కర్లేదు. ఆటోనగర్ గేటు దగ్గర నిలబడితే బందరు రోడ్డు మీద పావుగంటకో బస్సు దొరుకుతుంది. మేము ఆరుంబావు బస్సు ఆపాం. టిక్కెట్టు ఇరవై ఎనిమిది రూపాయలు. దుప్పటి చుట్టిన చెక్కను ఇద్దరం పట్టుకుని ఎక్కుతుంటే కండక్టరు అడ్డం నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, ఇల్లు మారుతున్నారా? ఆ తలుపేంటి?"

"నిన్నటిదాకా తలుపేనండీ. ఇప్పుడది బెజవాడ" అన్నాడు మావయ్య.

"బెజవాడైతే బెజవాడలోనే ఉంచొచ్చుగా, నా బస్సులోకి దేనికి? సర్లే, ఊరికి టిక్కెట్టు కొట్టే రూలు లేదు గానీ, చెక్కకి పది రూపాయలు తీయండి."

కంకిపాడు దాటాక రెండు పక్కలా వరిచేలు, వాటి మధ్య కాలవ. ఉయ్యూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. చెరకు పాకం వాసనలో వేడి వేడి ఇడ్లీ, ప్లేటు ఆరు రూపాయలు. మావయ్య దిగలేదు, చెక్క మీద చెయ్యేసి కూర్చున్నాడు. ఇడ్లీ ఆకులో పెట్టించి కిటికీలోంచి అందించాను. పామర్రు మీదుగా ఎనిమిదిన్నరకు బందరు చేరాం. అక్కడి నుంచి అమ్మకం జరిగే బడికి రిక్షా పదిహేను రూపాయలు.

హాల్లో అప్పటికే ముప్ఫై బొమ్మల దాకా గోడలకు ఎక్కాయి. ఏర్పాట్లు చూస్తున్న డ్రాయింగు మాస్టారు దుప్పటి తొలగించి చూసి, "పెయింటరు గారి బొమ్మ వరండాలో పెడదాం బాబూ. లోపలన్నీ వాటర్ కలర్లు" అన్నాడు. నేను అందుకున్నాను.

"రంగు డబ్బా ఖరీదును బట్టి మనిషికి చోటిస్తారా మాస్టారూ? చెమటోడ్చేవాడి బొమ్మకి వరండాయేనా?"

మావయ్య వెనక నుంచి చొక్కా లాగుతున్నాడు. నేను వినలేదు. చివరికి మాస్టారు తలపట్టుకుని, వేదిక పక్కన నడిమి గోడ ఇచ్చేశాడు. గెలిచానని పొంగిపోయాను.

పన్నెండయింది. చుట్టూ బొమ్మల కింద "అమ్ముడైంది" చీటీలు పడుతున్నాయి. మా బొమ్మ ముందు ఎవరూ నిమిషం నిలబడలేదు. ట్యూబులైటు కింద, రెండడుగుల దూరంలో, అది నిజంగానే రంగు ఒలికిపోయినట్టుంది. ఒక పెద్దాయన ముక్కు ఆనించేంత దగ్గరగా చూసి, "వీళ్ళకి మొహాలేవండీ?" అన్నాడు. హమాలీకి మొహం లేకుండా చేసిందెవరో ఆయనకు వివరించడం మొదలుపెట్టాను. ఆయన కొనాలనుకున్న వేరే బొమ్మ కూడా వదిలేసి వెళ్ళిపోయాడు.

మావయ్య నన్ను పక్కకి లాక్కెళ్ళాడు. "నోరు కట్టెయ్ అల్లుడూ. తప్పు ఆయనది కాదు, గోడది. నా బొమ్మని వెనకొచ్చే బండి డ్రైవరు చూస్తాడు, ఎండలో, ముప్ఫై అడుగుల నుంచి. గీసేటప్పుడు గీతకోసారి వెనక్కి నడిచి చూసుకుంటా."

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"చెప్పనిచ్చావా?"

సిగ్గుతో నేనే చెక్కను ఒక పక్క ఎత్తాను. గేటు బయట ప్రహరీ గోడకు, ఎర్రటి ఎండలో, రోడ్డుకు ఎదురుగా ఆనించాం. రోడ్డు దాటి సోడా కొట్టు దగ్గర నిలబడి వెనక్కి తిరిగాను. మొహాల్లేని మచ్చలన్నీ మనుషులయ్యాయి. బస్తా కింద హమాలీ మెడ ఏ పక్కకు వంగిందో కూడా తెలుస్తోంది. ఒక సైకిలు ఆగింది, తర్వాత రిక్షా, తర్వాత ఇద్దరు చేపల బుట్టల వాళ్ళు. "అరే, అది వన్ టౌన్ కాదూ? ఆ సందులోనేగా మనం తాళ్ళు కొనేది!" హాల్లో వాళ్ళూ బయటికొచ్చారు. డ్రాయింగు మాస్టారు రోడ్డు దాటి మా ఇద్దరి పక్కన నిలబడి, చాలాసేపు చూసి, "రత్నం గారూ, దూరాన్ని లెక్కేసి రంగు వేయడం నాకు చేతకాదండీ" అన్నాడు.

మాస్టారికీ, ఒక ఐసు ఫ్యాక్టరీ యజమానురాలికీ ఆ బొమ్మ కోసం పోటీ నడిచింది. ఆవిడే పాడుకుంది. ఆ రోజు అమ్ముడైన వాటిలో పెద్ద ధర అదే. దాంతో రెండు కుటుంబాలకు వలలొచ్చాయి. "పేరు లేదేంటండీ? పేరు లేకుండా నేను తీసుకెళ్ళను" అందావిడ. లారీల మీద ఎప్పుడూ షెడ్డు ఓనరు పేరే రాసిన మావయ్య, బ్రష్షు తెప్పించుకుని, మూలన జానెడు అక్షరాలతో తన పేరు రాశాడు. నేను నవ్వితే, "రోడ్డవతలికి కనపడాలి గదరా!" అని కసిరాడు.

అందరి కళకూ ఒకే గోడ దొరికితే న్యాయం జరిగిపోతుందనుకున్నాను. నేను చదివిన కరపత్రాల్లో గోడ ఎవరిదన్నది ఉంది గానీ, ఎక్కడ నిలబడి చూడాలో లేదు. ఆ మాట చెప్పగలిగిన మనిషి పొద్దున్నుంచీ నా చొక్కా లాగుతూనే ఉన్నాడు. సాయంత్రం తిరుగు బస్సులో మావయ్య కిటికీకి తలానించి నిద్రపోతుంటే, ఎవరూ అడక్కపోయినా, ముందు సీటు వాళ్ళకీ పక్క సీటు వాళ్ళకీ ఈయన మా మావయ్య అని చెప్పాను.

ఆ బొమ్మ చూడాలనుకునేవాళ్ళు బందరు బస్టాండు బయట గిలకలదిండి వెళ్ళే ఆటో ఎక్కండి, మనిషికి ఐదు రూపాయలు. దారిలో, ఆవిడ బయటి గోడకు బొమ్మ తగిలించిన ఐసు ఫ్యాక్టరీ ముందు దిగి, పొద్దున పదింటిలోపు, గోడ మీద ఎండ ఉండగా, రోడ్డుకు అవతలి పక్కన నిలబడండి. దగ్గరికి మాత్రం వెళ్ళకండి.