అమ్మ గోధుమ మీద గడ్డిమందు

గడ్డిమందు వాసన తగిలితే ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకు పోతాను. మందు మీద కాదు, నా మీద నాకే అసహ్యం.

తొంభైల మొదట్లో పాశమైలారం పారిశ్రామికవాడలో గడ్డిమందు తయారుచేసే షెడ్డులో ప్యాకింగు పని చేసేవాణ్ని. రైతులకు చూపించడానికి గేటు పక్కన కంపెనీవాళ్లు ఒక మడిలో పొట్టి రకం గోధుమ వేశారు. మందు కొడితే గడ్డి మాడిపోయేది, గోధుమ పచ్చగా నిలబడేది. అది చూసి నాకు కళ్లు నెత్తికెక్కాయి.

మా అమ్మది పాత పొడుగు గోధుమ, పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. ఉగాదికి బక్షాలు, అదే బొబ్బట్లు, ఆ పిండితోనే చేసేది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఆ విత్తనం మిగల్లేదు. నడుము పట్టేసినా కూర్చునే కలుపు తీసేది, ఆ కలుపులోనే దొరికే పప్పుకూర ఆకు ఏరి వండేది.

"ఎందుకమ్మా గీ తిప్పలు? మందు కొడితే అయిపోతది."

"మన గోధుమకు ఏమన్నయితదేమో బిడ్డా. జెర అడుగు."

అడిగాను. మందులు అమ్మే సారు చాయ్ తాగుతూ, "గోధుమంటే గోధుమేనయ్యా, ఏ రకమైనా తట్టుకుంటుంది" అన్నాడు. థూ, ఏం నోరది! పగిలిన ప్యాకెట్ల పొడి ఏరుకుని ఇంటికి తెచ్చాను.

"ముందుగాల ఒక మూలకు కొట్టి సూడు" అంది అమ్మ.

"నీకేం తెల్వదు, ఊకో" అని చేనంతా కొట్టాను.

వారానికి ఆకు కొసలు పండాయి, తర్వాత తెల్లబడ్డాయి. గడ్డితో పాటు గోధుమ కూడా మాడింది. అమ్మ నన్ను తిట్టలేదు. బతికిన మొక్క ఒక్కటైనా ఉందేమోనని ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెతికింది.

"గుమ్మిల గింజ లేదు బిడ్డా, ఉన్నదంతా జల్లిన" అని గట్టు మీద కూలబడింది.

సారుకు చెప్తే పకపకా నవ్వాడు. "పాత రకాలు కొన్ని తట్టుకోవయ్యా. నీకు తెలీదా?"

ఛీ! తెలిసే అన్నాడన్నమాట. ఉద్యోగం ముఖాన కొట్టి రావలసింది. రాలేదు. మరుసటి చలికాలం గేటు పక్క మడి దగ్గర రైతులకు చెప్పే పని నాకే ఇచ్చారు. ప్యాకింగు దుమ్ము తప్పిందని సంబరపడ్డాను, సిగ్గులేనివాణ్ని.

మొదటి రోజే ఒక ముసలి రైతు వచ్చాడు. మడి చుట్టూ తిరిగి, వంగి ఆకును పట్టుకు చూశాడు.

"మాది పొడుగు గోధుమ సారూ. గీ మందుకు తట్టుకుంటదా?"

సారు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"గోధుమంటే గోధుమే తాతా" అన్నాను. "తట్టుకుంటది."